సీసా పాతదైతేనేం?

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని పెద్దలన్నారు గాని, యీ రోజుల్లో ఆ సామెతను తిరగవేసి చెప్పుకోవలసి వస్తున్నది. అటక మీద పడివున్న యిత్తడి కూజా, మూలన చేరిన గ్రామఫోను పెట్టె, చెల్లుబాటు పోయిన అర్ధణా బిళ్ల - వీటన్నిటికీ సెల్‌ఫోనులోనే సంత వెలిసింది. ఫోటో తీసి, నాలుగు మాటలు వ్రాసి పెట్టడమే తరువాయి; పొయ్యి మీద అన్నం వుడికేలోగా బేరగాళ్లు పలుకుతారు. పాత యినుప ముక్కలను అతికి నిలువెత్తు విగ్రహాలు తయారుచేసే శిల్పులున్న తెనాలి వారికి, పాత సామానులో విలువ వుంటుందని వేరే చెప్పనక్కరలేదు.

ఆ సంతలోకి కొంతకాలంగా మరొక సరుకు కూడా తొంగి చూస్తున్నది. అది సీలు విప్పని పాత మద్యం సీసా.

"మా యింటా వంటా లేని వస్తువును గురించి మాకెందుకండీ యీ పురాణం?" అని పాఠకులు విసుక్కోవచ్చు. కాని చిత్రమేమిటంటే, యీ చిక్కులో పడే యోగం త్రాగేవాళ్ల యిళ్లకన్నా త్రాగని యిళ్లకే యెక్కువ. త్రాగేవాడి యింట్లో సీసా నిలవ వుండదు గదా! అమెరికా నుంచి వచ్చిన మేనల్లుడు బలవంతాన చేతిలో పెట్టిపోయిన అట్టపెట్టె. సైన్యంలో పనిచేసి వచ్చిన బాబాయిగారు క్యాంటీనులో తెచ్చుకుని, తరువాత మాల వేసుకుని, బీరువాలో మరచిపోయిన రమ్ము. పండుగకని యెవరో పంపగా పారబొయ్యడానికి మనసొప్పక దాచిన బహుమతి - యిలాంటివి మర్యాదస్తుల యిళ్లలోనే యేళ్ల తరబడి పడివుంటాయి. మన తెనాలి, బాపట్ల, రేపల్లెలలో పిల్లలను విదేశాలకు పంపుకున్న కుటుంబాలు తక్కువేమీ కావు. కనుక సీసాలూ తక్కువ కావనే అనుకోవాలి.

బాపట్లలో అలాంటి యింటినొకదాన్ని వూహించుకుందాం. యింటి పెద్ద కాలం చేశారు. సంవత్సరీకాలు అయినాక బీరువా సర్దుతుంటే పట్టుపంచెల వెనుక నుంచి యిరవై యేళ్లనాటి స్కాచి విస్కీ సీసా బయటపడింది. "పారబొయ్యరా నాయనా, చూస్తేనే వొళ్లు మండుతోంది" అన్నది తల్లి. కాలేజీలో చదివే కొడుకు మాత్రం ఫోను తీసి వెదికి, కళ్లు పెద్దవి చేసి, "అమ్మా, వుండు వుండు! దేశాంతరాల్లో యిలాంటివి కోట్లకు పోతున్నాయట!" అన్నాడు.

కుర్రవాడు చదివింది అబద్ధం కాదు. 2023 నవంబరు 18న లండనులో సోత్‌బీస్ అనే వేలం సంస్థ ఒకే ఒక విస్కీ సీసాను 21 లక్షల 87 వేల 500 పౌనులకు అమ్మింది. మన లెక్కలో సుమారు 22 కోట్ల రూపాయిలు! మెకాలన్ కంపెనీవారు 1926లో బట్టీ పట్టిన సరుకది. అరవై యేళ్లు కొయ్యపీపాలో వుంచి, 1986లో తీస్తే నలభై సీసాలు మాత్రమే వచ్చింది. ఒక యిటలీ చిత్రకారుడు గీసిన లేబులు అతికించిన కొద్ది సీసాలలో యిది ఒకటి. 

మరి మన బాపట్ల సీసాకు కోట్లు కాకపోయినా వేలైనా రావా? "పురాతన వస్తువు, సేకరణ అభిరుచి గలవారికి మాత్రమే, త్రాగడానికి కాదు" అని వ్రాసి ఫోనులో పెడితే తప్పేమిటి? వ్రాయడానికి వేళ్లు సిద్ధంగా వున్నాయి. ఆ వేళ్లను ఒక్క నిమిషం పట్టుకుందాం.

ఆబ్కారీ కళ్లు

మద్యాన్ని అజమాయిషీ చేసే శాఖను మన తాతలు ఆబ్కారీ అనేవారు. పారశీకంలో 'ఆబ్' అంటే నీరు. బట్టీపట్టిన నీళ్ల వ్యవహారం అన్నమాట. ఆ పేరులోనే రహస్యమంతా వున్నది. ఆ శాఖ చూసేది సీసాను కాదు, లోపలి నీటిని. సీసా యెంత పాతది, లేబులు యెంత అందమైనది, బిరడా మీద యెవరి ముద్ర వున్నది అన్నది దానికి పట్టదు. లోపల వున్నది మత్తు పానీయమా, కాదా? అదొక్కటే ప్రశ్న.

మన రాజ్యాంగంలో మత్తు పానీయాల తయారీ, స్వాధీనం, రవాణా, కొనుగోలు, అమ్మకం - యీ ఐదూ రాష్ట్రాల జాబితాలోని 8వ పద్దు క్రింద వున్నాయి. అంటే యీ విషయంలో ఢిల్లీవారి మాట కన్నా రాష్ట్రంవారి మాటకే చెలామణీ. మన రాష్ట్రానికి 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వుంది. లైసెన్సు లేనిదే మద్యం అమ్మరాదన్నది ఆ చట్టానికి వెన్నెముక. "సేకరణ సీసా" అనీ, "పురాతన మద్యం" అనీ మామూలు గృహస్థు అమ్ముకోవడానికి వేరే గది యేదీ అందులో కట్టలేదు. మాతో పుట్టిన హక్కు మాకు లేదా అని వాదించడానికీ వీలులేదు. 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు, మద్యం వ్యాపారం చెయ్యడానికి పౌరుడికి ప్రాథమిక హక్కంటూ లేదని తేల్చేసింది. రాష్ట్రం అనుమతిస్తే వుంది, లేకుంటే లేదు.

యిది మరీ చాదస్తమని తోస్తే, రేపల్లె దారిన ఒకసారి పోయి చూడండి. ఆ తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషిని తలుచుకోండి. చెట్టు తనదే కావచ్చు, కుండ తనదే, ప్రాణాలకు తెగించి యెక్కే కాళ్లూ తనవే. అయినా లైసెన్సు లేకుండా ఆ కల్లు గీయడానికీ లేదు, అమ్మడానికీ లేదు. తెల్లవారుజామున చెట్టెక్కి దించిన కల్లుకే అంత కట్టడి వున్నప్పుడు, బీరువాలోంచి దించిన స్కాచికి మినహాయింపు యెందుకుంటుంది?

పైగా మన తెలుగుదేశంలో మద్యం మాట మామూలు మాట కాదు. 1948 నాటికే మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది. గుంటూరు జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోదే. 1953లో ఆంధ్రరాష్ట్రం యేర్పడితే, మరుసటి సంవత్సరం నవంబరులోనే ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం యీ నిషేధం గొడవ మీదనే శాసనసభలో ఒక్కటంటే ఒక్క వోటు తేడాతో పడిపోయింది. తరువాతి కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కొంగు బిగించి సారా దుకాణాలు మూయించిన సంగతి యీ పాఠకులకు నేను చెప్పేదేమున్నది! 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు - మూడూ మన కళ్ల ముందే జరిగాయి. యింత చరిత్ర వెనక వున్న వస్తువును చట్టం పాత గడియారంతో సమానంగా చూస్తుందనుకోవడం అమాయకత్వమే.

వెల సీసాకే, సరుకుకు కాదు!

"త్రాగడానికి కాదు, చూసుకోవడానికే" అనే వాదన మన బాపట్ల కుర్రవాడు కనిపెట్టింది కాదు. అమెరికాలో ఈబే అనే పెద్ద ఆన్‌లైన్ బజారువారు దాన్ని యేకంగా నియమంగానే వ్రాసుకుని కొన్నాళ్లు నడిపించారు. ఆ నియమం వినండి: సీసా మూత విప్పి వుండకూడదు, అలాంటిది మామూలు దుకాణంలో దొరకకూడదు, కొనేవాడు వయసు వచ్చినవాడని అమ్మేవాడు చూసుకోవాలి, అన్నిటికన్నా ముఖ్యంగా, వెల సీసాకే గాని లోపలి సరుకుకు కాదని ప్రకటనలో చెప్పాలి.

యెంత లౌక్యమో చూశారా! యీ లౌక్యం చాటున యేం జరిగిందో వూహించడం కష్టం కాదు. ఆ బజారులో అరుదైన బోర్బన్ విస్కీలు సీసా పేరుతో చేతులు మారాయి. సీసాకే వెల అయితే ఖాళీ సీసాకూ నిండు సీసాకూ అంత తేడా యెందుకు వస్తుందో యెవరూ చెప్పరు. చివరకు 2012లో ఈబేవారే యీ తలుపు మూసివేసి, ముందుగా అనుమతి పొందిన, లైసెన్సున్న వ్యాపారులు అమ్మే ద్రాక్షసారాయానికి మాత్రమే చోటు మిగిల్చారు. 2019 జూలైలో ఫేస్‌బుక్ కూడా వ్యక్తులు ఒకరికొకరు మద్యం, పొగాకు అమ్ముకోవడాన్ని నిషేధించింది. మన దేశంలో పాత సామాను అమ్ముకునే ఓఎల్ఎక్స్ వంటి బజార్లలోనూ మద్యం ప్రకటనలకు చోటు లేదు.

ఆ బజార్లవాళ్లకు యీ భయమెందుకంటే, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 79వ విభాగం వారికి ఒక గొడుగు పట్టింది. యెవడో పెట్టిన ప్రకటనకు బజారు యజమానిని బాధ్యుణ్ని చేయకుండా కాపాడే గొడుగు అది. కాని కోర్టు చెప్పినా, ప్రభుత్వం చెప్పినా ఆ ప్రకటనను తీసివేయకుండా కూర్చుంటే గొడుగు మూసుకుపోతుంది. గొడుగు బజారువాడికే సుమా! ప్రకటన పెట్టినవాడు యెండలోనే నిలబడాలి. అతని పేరు, ఫోను నెంబరు, సీసా ఫోటో, వెల, "ఆసక్తి గలవారు సంప్రదించండి" అన్న వాక్యం - సాక్ష్యమంతా తన చేత్తోనే వ్రాసి యిచ్చినట్టు. వాట్సాప్ గుంపులోనే గదా పెట్టాను అనుకున్నా, టెలిగ్రామ్‌లోనే గదా అనుకున్నా తేడా యేమీ లేదు. చట్టం అడిగేది అమ్మావా అని. యెక్కడ అమ్మావని కాదు.

"ఉచితంగానే యిస్తున్నాం, పార్శిలు ఖర్చు మాత్రం ఐదువేలు" అని వ్రాసే గడుసువాళ్లు కూడా వుంటారు. ఐదువేల పార్శిలు యెక్కడికి పోతుందో మేజిస్ట్రేటుగారు అడిగినప్పుడు చెప్పుకోవలసి వుంటుంది.

మరి స్విగ్గీలోనూ జొమాటోలోనూ మద్యం యింటికి తెచ్చిచ్చారని విన్నామే అంటారా? నిజమే. కరోనా రోజుల్లో, 2020 మే 8న, దుకాణాల వద్ద గుంపులు తగ్గించడానికి యింటికి చేరవేసే పద్ధతిని రాష్ట్రాలు ఆలోచించుకోవచ్చునని సుప్రీంకోర్టు అన్నది. జార్ఖండ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ ఆ నెలలోనే అనుమతించాయి. అయితే అక్కడ కూడా సరుకు లైసెన్సు దుకాణందే. కంపెనీ కుర్రవాడు మోసుకొచ్చేవాడే గాని అమ్మేవాడు కాడు. మన రాష్ట్రంలో 2024 అక్టోబరు 16 నుంచి, లాటరీ తీసి కేటాయించిన 3,396 ప్రైవేటు దుకాణాలతో కొత్త పద్ధతి వచ్చింది. కొనదలచినవాడికి 21 యేళ్లు నిండి వుండాలి. కాలేజీ కుర్రవాడికి కొనే వయసే రాలేదు, యింక అమ్మడమా!

మూడు వూళ్లు, రెండు జిల్లాలు, బోలెడు పొలిమేరలు

బాపట్లలో వున్న సీసాకు రేపల్లెలో బేరం తగిలిందనుకోండి. తెనాలి వెళ్లి, రైలు మారి, బ్రాంచి లైనులో రేపల్లె చేరి చేతికిచ్చి వస్తే సరిపోదా? ఒకప్పుడు మూడు వూళ్లూ గుంటూరు జిల్లాలోవే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాకు పోగా తెనాలి గుంటూరులోనే వుండిపోయింది. జిల్లా మారినా చట్టం మారలేదు. లైసెన్సు లేని అమ్మకం రైల్లో జరిగినా, అరుగు మీద జరిగినా అమ్మకమే. దొంగ సరుకు మోసిన వాహనాన్ని జప్తు చేసే అధికారం కూడా ఎక్సైజువారికి వున్నది గనుక స్కూటరు మీద పోదామనుకునేవారు స్కూటరు ఖరీదు కూడా లెక్క వేసుకోవాలి.

బేరం పొరుగు రాష్ట్రం నుంచి వస్తే చిక్కు రెట్టింపు. కొనేవాడు గుజరాతులోనో బీహారులోనో వున్నాడనుకోండి. ఆ రెండూ మద్యనిషేధం వున్న రాష్ట్రాలు. బీహారులో 2016 నుంచి వున్న చట్టం మరీ కఠినమైనది. మనం యిక్కడ పార్శిలు కట్టితే నేరం రెండు చివరలా మొలుస్తుంది. పార్శిలు మీద "గాజు సామాను" అని వ్రాయడం మరొక అబద్ధం, మరొక చిక్కు.

అసలు సీసా మన యింటికి రావడంలోనే ఒక కథ వుంది. అది అమెరికా పిల్లల తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసినది. విదేశాల నుంచి వచ్చే వయోజనుడు రెండు లీటర్ల మద్యం వరకు కస్టమ్సు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. పిల్లవాడు శంషాబాదులో దిగి, రసీదు చూపించి, దర్జాగా బయటికి వస్తాడు. కస్టమ్సువారితో పని అయిపోయింది గదా అని కారెక్కి తెనాలికి బయలుదేరతాడు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు దాటేసరికి రాష్ట్రం మారుతుంది. కస్టమ్సు ఢిల్లీవారిది, ఎక్సైజు మన రాష్ట్రంవారిది. ఒకరి రసీదు మరొకరికి పర్మిటు కాదు. 

యీ పొలిమేర గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. 2019లో మన రాష్ట్ర ప్రభుత్వం ఒక మనిషి దగ్గర వుండదగిన మద్యాన్ని మూడు సీసాలకు కుదించింది. ఆ ఉత్తర్వును పట్టుకునే 2020 సెప్టెంబరులో హైకోర్టు, ఇతర రాష్ట్రాల నుంచి మూడు సీసాల వరకు తెచ్చుకోవచ్చునని చెప్పింది. నెల తిరిగి మరొక నెల వచ్చేసరికి, అక్టోబరులో, ప్రభుత్వం ఆ ఉత్తర్వునే సవరించి, పర్మిటు లేకుండా పొరుగు రాష్ట్రాల మద్యం తేవడానికి వీల్లేదన్నది. రెండు నెలల్లో నియమం యిటు నుంచి అటు తిరిగింది! యిలాంటి హద్దులు ఒక్క ఉత్తర్వుతో మారిపోతాయి గనుక, పొరుగింటాయన చెప్పిన అంకెను నమ్మక, ప్రయాణానికి ముందే ఎక్సైజు స్టేషనులో కనుక్కోవడం మంచిది. అడిగినందుకు యెవరూ పట్టుకోరు.

సైన్యం క్యాంటీను సీసా సంగతి వేరే చెప్పాలి. అది దేశసేవ చేసినవారికి తక్కువ ధరకు యిచ్చే సరుకు. తిరిగి అమ్మకూడదన్న షరతు మీదనే వస్తుంది. దాన్ని ఫోనులో పెడితే యిటు ఎక్సైజువారికీ అటు క్యాంటీనువారికీ కూడా జవాబు చెప్పుకోవాలి. బాబాయిగారి క్యాంటీను కార్డుకే యెసరు రావచ్చు.

యిరవై యేళ్ల సీసా ముప్పై యేళ్లది కాదు

చట్టం సంగతి అలా వుంచి, ఆ సీసాలో నిజంగా అంత విలువ వున్నదా? యిక్కడ మనవాళ్లకు ఒక భ్రమ వున్నది. ఆవకాయ వూరినట్టు విస్కీ కూడా సీసాలో వూరుతూ వుంటుందనుకుంటారు. వూరదు. అది ముదిరేది కొయ్యపీపాలోనే. పన్నెండేళ్లు పీపాలో వుంచి సీసాకెత్తిన విస్కీని మన బీరువాలో మరి యిరవై యేళ్లు దాచినా అది పన్నెండేళ్ల విస్కీయే. పైగా మన కోస్తా యెండలకు, బిరడా యెండి, చుక్క చుక్కగా ఆవిరి పోయి, మెడ దగ్గర మట్టం తగ్గుతుంది. సేకరించేవాళ్లు మొదట చూసేది ఆ మట్టమే. బీరు సంగతి చెప్పనే అక్కరలేదు. దానికి గడువు తేదీ వుంటుంది. కొన్ని మంచి ద్రాక్షసారాయాలు మాత్రమే సీసాలో ముదురుతాయి. అవీ చల్లని నేలమాళిగలో పడుకోబెడితేనే గాని, వంటింటి అటక మీద కాదు.

యిక నకిలీల మాట. 2017లో స్విట్జర్లాండులో సెయింట్ మోరిట్జ్ అనే వూళ్లో, ఒక హోటలువారు 1878 నాటి మెకాలన్ అని చెప్పి ఒక్క గుక్కెడు విస్కీని సుమారు పదివేల ఫ్రాంకులకు ఒక చైనా రచయితకు అమ్మారు. ఆ సీసాను చూసి కొందరికి అనుమానం వచ్చింది. హోటలువారే నమూనా పంపించి పరీక్ష చేయిస్తే, ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు కర్బన పరీక్షలో అది 1970 - 72 నాటి సరుకని తేల్చారు. వందేళ్ల నాటిదని యేళ్ల తరబడి అలమారలో పూజలందుకున్నది నిన్నగాక మొన్నటిదే! పాపం, హోటలువారు ఆ రచయిత దగ్గరకు వెళ్లి సొమ్ము తిరిగి యిచ్చారు. నిపుణులున్న చోటనే అలా అయితే, ఫోను ఫోటో చూసి సీసా కొనేవాడి గతి యేమిటి? లండనులో 22 కోట్లకు పోయిన ఆ సీసాను కూడా అమ్మకానికి ముందు డిస్టిలరీవారే తీసుకుని, బిరడా మార్చి, లేబులు చివరలు అతికి, చుక్క తీసి పరీక్షించి యిచ్చారు. ఆ వేలం సంస్థకు లైసెన్సు వుంది. సీసాకు జాతకం వుంది. మన బీరువా సీసాకు రెండూ లేవు.

మన దగ్గరి నకిలీలు యింతకన్నా ప్రమాదమైనవి. అక్కడ నష్టం డబ్బుకే, యిక్కడ ప్రాణానికి. 2025 అక్టోబరులో మన రాష్ట్రంలో ములకలచెరువు, ఇబ్రహీంపట్నాలలో నకిలీ మద్యం తయారీ పట్టుబడ్డాక, సీసా మీది గుర్తును ఫోనుతో పరీక్షించుకునే యేర్పాటు ప్రభుత్వం ప్రవేశపెట్టింది. పాత సీసాకు అలాంటి గుర్తు వుండదు. లోపల యేమున్నదో చెప్పగలవాడు లేడు.

అమ్మేవాణ్ని దోచే మోసం వేరే వున్నది. సీసా ఫోటో పెట్టగానే యెవడో ఫోను చేస్తాడు. బేరం ఆడడు, అదే మొదటి అనుమానం. "నేను సైన్యంలో ఆఫీసరును, రేపు మా మనిషి వస్తాడు, అడ్వాన్సు యిప్పుడే పంపిస్తున్నా, యీ క్యూఆర్ బొమ్మ స్కాన్ చేసి మీ పిన్ నొక్కండి" అంటాడు. పిన్ నొక్కేది డబ్బు యివ్వడానికే గాని పుచ్చుకోవడానికి కాదన్న చిన్న సంగతి ఆ క్షణంలో యెవరికీ గుర్తుకు రాదు. ఖాతా ఖాళీ అవుతుంది. కొనేవాడికీ యిదే వరస: పేరున్న దుకాణం బొమ్మ పెట్టి, "యింటికి తెచ్చియిస్తాం, ముందు డబ్బు కట్టండి" అని పోయినవాళ్లు కరోనా రోజుల్లో చాలామందిని ముంచారు. యిలా పోయినవారు 1930 నెంబరుకు వెంటనే ఫోను చేస్తే డబ్బు దారిలోనే ఆపే అవకాశం వుంటుంది. కాని మద్యం బేరంలో పోయిందని చెప్పుకోవడానికి సిగ్గుపడి, భయపడి, చాలామంది నోరు విప్పరు. దొంగకు కావలసింది ఆ సిగ్గే. పెళ్లికో ఫీజుకో దాచిన సొమ్ము పోతే, తల్లిదండ్రులు పిల్లవాడిని తిట్టడం తరువాత; ముందు ఆ ఫోను చేయించాలి.

మరి ఆ సీసాను యేం చేయాలి?

అమ్మకూడదు, పంపకూడదు అని చెప్పి వూరుకుంటే సరిపోదు. యింట్లో వస్తువు వున్నది గదా. హద్దుకు లోబడి, సుంకం కట్టిన సరుకును పెద్దవాళ్లు యింట్లో వుంచుకోవడం నేరం కాదు. రసీదు వుంటే దాన్ని కూడా సీసాతో వుంచండి. అక్కరలేదనుకుంటే తల్లిగారు చెప్పినట్టు తొట్టిలో పారబొయ్యడం అన్నిటికన్నా సులువైన దారి. సీసాలు హద్దు మీరి వుంటే, లేదా యెక్కడివో తెలియకపోతే, వకీలును అడిగి, లిఖితపూర్వకంగా ఎక్సైజు స్టేషనులో తెలియజేయడం మేలు. 

యీ సందర్భంలో ప్రభుత్వానికి ఒక మాట చెప్పాలనిపిస్తున్నది. అమెరికాలో బోర్బన్ విస్కీకి పుట్టిల్లయిన కెంటకీ రాష్ట్రంవారికీ యిదే తలనొప్పి వచ్చింది. తాతల నాటి సీసాలు యిళ్లలో వున్నాయి, అమ్మితే నేరం, చాటుగా అమ్మకాలు సాగుతూనే వున్నాయి. వారు 2017లో ఒక చట్టం చేసి, 2018 జనవరి నుంచి, దుకాణాల్లో మామూలుగా దొరకని పాత సీసాలను గృహస్థులు లైసెన్సున్న దుకాణానికి అమ్ముకోవచ్చునన్నారు. ఆ దుకాణమే మళ్లీ బయటికి అమ్మవచ్చు. బజారులో యెవడికి పడితే వాడికి అమ్మే స్వేచ్ఛ యివ్వలేదు. లైసెన్సు తలుపు గుండా మాత్రం ఒక దారి చూపారు. మన రాష్ట్రం అలాంటి చట్టం చెయ్యాలని నేననను. దూబగుంట ఆడవాళ్లను చూసిన రాష్ట్రం మనది. కాని చనిపోయినవారి బీరువాలో దొరికిన సీసాను రసీదు యిచ్చి, ప్రశ్నలు వెయ్యకుండా పుచ్చుకునే పద్ధతి ఒకటి పెట్టి, దాన్ని తేట తెలుగులో ఒక్క కాగితం మీద అచ్చువేసి ప్రతి ఎక్సైజు స్టేషను గోడకూ అంటించవచ్చు గదా! చట్టం తెలియదనడం క్షమాపణ కాదంటారు. కాని తెలిసే భాషలో చెప్పడం చెప్పేవాడి బాధ్యత కూడాను.

పాత వస్తువుల మీద ప్రేమ వున్నవారు నిరాశపడనక్కరలేదు. లోపలి నీరు పోయాక మిగిలే గాజుకు ఆబ్కారీతో పేచీ లేదు. 'సీసా' అన్న మాటే పారశీకపు గాజు. ఖాళీ సీసాలు, పాత లేబుళ్లు, బిరడాలు, కంపెనీల పళ్లాలు, ప్రకటన బొమ్మలు - వీటిని అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. ఖరీదైన కొత్త బ్రాండ్ల ఖాళీ సీసాలకు మంచి ధర యిస్తానని యెవడైనా డజన్ల లెక్కన అడిగితే వాడు సేకరించేవాడు కాడు, నింపేవాడు. అలాంటివి పాతసామాన్ల వాడికి వేసేముందు లేబులు గీకి మూత విరిచి వెయ్యండి. రెండవది, వందేళ్లు దాటి చారిత్రక విలువ వున్న వస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం క్రిందికి రావచ్చు. అలాంటిదాన్ని వ్యాపారంగా అమ్మడానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడానికి వీల్లేదు.

యివన్నీ అక్కరలేని గాజు ఒకటి మన వూళ్ల సోడా బండ్ల మీదనే వుండేది. మెడలో గోళీతో, బొటనవేలితో నొక్కితే కీచుమని అరిచే సోడా సీసా. 1872లో హైరం కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు తీసుకున్న సీసా అది. గాలి వొత్తిడికి గోళీ పైకి తన్ని, మెడలోని రబ్బరు చుట్టకు అతుక్కుని, తనే బిరడా అవుతుంది. అవి పుట్టిన దేశంలో గోళీల కోసం పిల్లలు పగులగొట్టగా మిగిలినవాటిని యిప్పుడు అద్దాల బీరువాల్లో పెట్టుకుంటున్నారు. మన వైపు పాత సోడా ఫ్యాక్టరీ గదుల్లో దుమ్ము కొట్టుకుని యింకా కొన్ని వుండవచ్చు. బాపట్ల కుర్రవాడు ఫోటో తీసి పెట్టదలచుకుంటే, వాటిని వెదికి పెట్టవచ్చు. ఆకుపచ్చ గాజువీ, మెడ మీద కంపెనీ పేరు పోతపోసినవీ ముందుగా చూడాలి.